మైనస్ 999

నా పేరు కింద రీసెర్చ్ ఇంట్రెస్టులు రాయాల్సి వచ్చినప్పుడల్లా రెండే రాస్తాను: నీటి శాస్త్రం, వాతావరణ న్యాయం (భూమి వేడెక్కడానికి కారణం ఎవరు, దెబ్బతినేది ఎవరు అన్న ప్రశ్న). మొదటిదాని గురించి ఎవరూ ఏమీ అడగరు. హైడ్రాలజీ చదివిన మనిషి నీళ్ళ గురించి కాకపోతే దేని గురించి రాస్తుంది! రెండోది చూడగానే మాత్రం తోటివాళ్ళ మొహాల్లో ఒక ప్రశ్న కనిపిస్తుంది. "న్యాయం సంగతి లాయర్లు చూసుకుంటారులే అమ్మా, మనకెందుకు?" అని ఒక సీనియర్ ప్రొఫెసర్ నవ్వుతూనే అన్నారు. ఇంకొకాయన మొహమాటం లేకుండా, ఫండింగ్ కోసం తగిలించిన తోకా అది అని అడిగేశారు. (దానికే ఫండింగ్ వస్తే ఎంత బావుణ్ణు.)

టీ తాగే ఐదు నిమిషాల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా వరకు అవి రెండు ఆసక్తులు కావు, ఒకటే. నాకు రెండోది పట్టుకున్నది ఏ ఉద్యమంలోనో కాదు, డేటా ఫైల్లో కనిపించే ఒక అంకె దగ్గర.

నదీ ప్రవాహాల డేటా చూడనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. ఒక వరసలో తేదీ ఉంటుంది. పక్క వరసలో ఆ రోజు నదిలో సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోయిందో ఉంటుంది. 212, 208, 219, 340 అంటూ అంకెలు దిగుతూ వస్తాయి. ఉన్నట్టుండి -999 కనిపిస్తుంది. కింద ఇంకో -999, ఇంకొకటి. ఆ తర్వాత 610, మళ్ళీ మామూలు అంకెలు. సముద్రపు పోటు తగిలే చోట తప్ప నదిలో ప్రవాహం మైనస్‌లోకి పోదు కాబట్టి, చూసేవాళ్ళకి వెంటనే తెలియాలని ఆ అంకె పెడతారు. 'ఈ రోజు కొలత లేదు' అని దానర్థం. ఈ రంగంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట రాసే ప్రోగ్రాముల్లో ఆ -999లని ఏరి పారేసేది ఒకటి తప్పకుండా ఉంటుంది. లేదా అటూ ఇటూ ఉన్న అంకెల మధ్య ఒక గీత గీసి ఆ ఖాళీ పూడ్చేస్తారు. ఒక్క లైను కోడ్. ఆ తర్వాత దాని గురించి ఎవరూ ఆలోచించరు.

అసలు ఆ రోజు కొలత ఎందుకు లేదు?

నది ఒడ్డున ఒక పలక పాతి ఉంటుంది, సెంటీమీటర్ల గీతలతో పొడుగాటి స్కేలు. దగ్గర్లో కాపురం ఉండే ఒకరికి నెలకి ఇంతని ఇచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి పుస్తకంలో రాయమంటారు. సెన్సర్లు, ఉపగ్రహాలు వచ్చాక కూడా ప్రపంచంలో చాలా నదుల మీద పని ఇప్పటికీ ఇలాగే జరుగుతోంది. ఆ మనిషి ఇల్లు నదికి దగ్గర్లోనే ఉంటుంది, అందుకే కదా ఆ పని ఇచ్చింది. మరి వరద వచ్చిన రాత్రి ఆ మనిషి ఏం చేస్తారు? పిల్లల్ని, ముసలివాళ్ళని మిట్టకి చేరుస్తారు. గొడ్లని విప్పి తోలతారు. గింజల మూటలు అటక మీదికి ఎక్కిస్తారు. టార్చిలైటు పట్టుకుని స్కేలు చూడ్డానికి వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. వరద గరిష్ఠానికి చేరింది ఏ అర్ధరాత్రో అయివుంటుంది. తెల్లారి చూస్తే స్కేలు కూడా కొట్టుకుపోయి ఉంటుంది.

అంటే -999 ఏ రోజు పడితే ఆ రోజు రాదు. నదికి ఒళ్ళు తెలియని రోజునే వస్తుంది, అందులోనూ దగ్గరున్న మనుషులు బాగా దెబ్బతిన్న చోటే ఎక్కువ వస్తుంది. ఈ సంగతి నా బుర్రకెక్కాక ఆ ఒక్క లైను కోడ్ నాకు మునుపటిలా మామూలుగా కనిపించలేదు. 340కీ 610కీ మధ్య గీత గీస్తే సాఫీగా చిన్న మిట్ట వస్తుంది. అసలు వరద రెండు వేలు దాటి ఉండొచ్చు. అది మాయమైపోతుంది. ఇలా అతుకులేసిన పట్టికలోంచే ఏటేటి గరిష్ఠాలు ఏరి 'వందేళ్ళ వరద' ఎంతో లెక్కగడతారు. ఆ అంకెని బట్టి వంతెన ఎంత ఎత్తు, కరకట్ట ఎంత ఎత్తు, ముంపు గీత ఎక్కడిదాకా అన్నది తేలుతుంది. కాగితం మీద వరద చిన్నదైతే కట్ట పొట్టిదవుతుంది. ఆ పొట్టి కట్ట వెనకాల ఉండేది మళ్ళీ ఆ స్కేలు చూసే మనిషీ, ఇరుగుపొరుగూ.

'వందేళ్ళ వరద' అంటే వందేళ్ళకొకసారి వచ్చేదనే అనుకుంటారు చాలామంది. కాదు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోగా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అదీ వాతావరణం మారకుండా ఉంటేనే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. కాబట్టి పాత లెక్క పట్టుకుని కొత్త వానకి కట్టలు కట్టడం కుదరదు. నిన్నటి నదే రేపూ ఉంటుందన్న నమ్మకం ఇక చెల్లదని 2008లోనే కొందరు పేరున్న హైడ్రాలజిస్టులు తేల్చి చెప్పారు. డిజైన్ మాన్యువళ్ళు మాత్రం తీరిగ్గా కదులుతున్నాయి.

ఇదంతా డబ్బులేని దేశాల గొడవ అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఆర్ నది కథ. జర్మనీలో రైన్ నదిలో కలిసే చిన్న నది అది. 2021 జులై 14 రాత్రి ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. ఆల్టెనార్ అనే ఊరి దగ్గర నది మట్టం కొలిచే గేజ్ ఉంది. అంతకుముందు ఆ గేజ్ చూసిన అత్యధిక మట్టం 2016లో 3.71 మీటర్లు. ఆ రాత్రి అది 5.75 మీటర్లు చూపించి ఆగిపోయింది, నది దాన్నే లాక్కుపోయింది. తర్వాత గోడల మీది బురద గీతల్ని బట్టి నీళ్ళు సుమారు 10 మీటర్ల దాకా లేచాయని తేల్చారు. జర్మనీలో కూడా -999 సరిగ్గా ఆ రాత్రే పడింది.

నన్ను ఇంకా ఎక్కువ వెంటాడేది వేరే సంగతి. ఆ గేజ్ రికార్డు మొదలైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. ఆ కొద్ది దశాబ్దాల అంకెలతో అప్పటికి కట్టిన వందేళ్ళ వరద సెకనుకి 241 ఘనపు మీటర్లు. కానీ అదే లోయలో 1804 జులైలో వచ్చిన వరదకి 63 మంది పోయారు. 1910 జూన్‌లో మరొకటి వచ్చింది. అందులో పోయినవాళ్ళు ఎక్కువమంది అక్కడ రైలు మార్గం వేయడానికి వచ్చి తాత్కాలిక బసల్లో ఉన్న కూలీలు. పాత గుర్తుల్నీ పత్రాల్నీ పట్టుకుని 1804 వరద సెకనుకి వెయ్యి ఘనపు మీటర్లు దాటి ఉంటుందని బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021కి ముందే లెక్కగట్టి అచ్చేశారు. ముంపు పటాల్లోకి మాత్రం ఆ అంకె ఎక్కలేదు. గేజ్ కొలిచింది కాదు కాబట్టి అది 'డేటా' కాదు! 2021లో లోయ చివర జిన్‌జిగ్‌లో వికలాంగుల వసతి గృహం కింది అంతస్తులో 12 మంది మునిగిపోయారు. 1804ని లెక్కలో వేసుకుని గీసిన పటం ఉండివుంటే వాళ్ళని ఏ అంతస్తులో పడుకోబెట్టేవాళ్ళో నేను చెప్పలేను గానీ, ఆ ప్రశ్న వేయకుండా నా పని నేను చేసుకోలేను.

ప్రపంచ నదుల ప్రవాహాల డేటా మొత్తం ఒకచోట చేర్చే గ్లోబల్ రనాఫ్ డేటా సెంటర్ ఉన్నది ఆ లోయకి దగ్గర్లోనే, కోబ్లెంజ్‌లో. 1988లో పెట్టారు. అక్కడి జాబితాల్లో ఏ ఏడాదికి ఎన్ని స్టేషన్ల కొలతలు ఉన్నాయో చూస్తే, ఎనభైల నుంచి ఇటు వచ్చేకొద్దీ తగ్గుతూ పోతాయి. కొన్ని చోట్ల యుద్ధాలు, కొన్ని చోట్ల బడ్జెట్ కోతలు, కొన్ని చోట్ల పంచుకోవడం ఇష్టంలేక. కంప్యూటర్లు పెరిగాయి, మోడళ్ళు పెరిగాయి, నదిలోకి దిగి కొలిచే మనుషులు తగ్గారు. మా రంగంలో ఈ మాట అందరికీ తెలుసు, పెద్దగా ఎవరూ సిగ్గుపడరు. గేజ్ పాతితే పేపరు రాదు, మోడల్ రాస్తే వస్తుంది.

ఆర్ వరద జరిగిన నెలన్నర లోపే విపత్తుల్లో వాతావరణ మార్పు పాత్ర ఎంతో లెక్కగట్టే వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ బృందం లెక్క చెప్పింది: భూమి వేడెక్కడం వల్ల ఆ ప్రాంతంలో అలాంటి ఒకరోజు వాన తీవ్రత 3 నుంచి 19 శాతం పెరిగింది, వచ్చే అవకాశం 1.2 నుంచి 9 రెట్లు పెరిగింది. పరిధి పెద్దదే, కానీ కోర్టుకైనా పార్లమెంటుకైనా పట్టుకెళ్ళి చూపించదగిన అంకె అది. 2023 మే మొదట్లో మధ్య ఆఫ్రికాలో కివూ సరస్సు చుట్టూ వరదలొచ్చాయి. కాంగోలోని కలేహే ప్రాంతంలోనే నాలుగొందల మందికి పైగా చనిపోయారు, రువాండాలో వందకి పైగా. అదే బృందం, అవే పద్ధతులు. కానీ ఈసారి వచ్చిన జవాబు: ఇక్కడ వాన కొలతలు చాలినన్ని లేవు, వాతావరణ మార్పు పాత్ర ఎంతో చెప్పలేం.

వాళ్ళని తప్పుపట్టడం లేదు, నిజాయితీగా చెప్పారు. కానీ ఈ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాక 'న్యాయం మనకెందుకు' అనే మాట నా నోటికి రాదు. భూమిని వేడెక్కించడంలో దాదాపు ఏ పాత్రా లేని చోట మనుషులు పోయారు. దానికి కారణం ఇదీ అని చూపించే అంకె కూడా వాళ్ళకి దక్కలేదు. ఆ అంకె ఇవ్వాల్సింది లాయర్లు కాదు, మేమే.

అసలు ఎక్కడ కొలిచారు, ఎందుకు కొలిచారు అన్నది వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకా బోధపడుతుంది. ప్రపంచంలో నీళ్ళకి సంబంధించి అన్నిటికంటే పొడుగాటి రికార్డుల్లో ఒకటి కైరో దగ్గర రోడా దీవిలోని నైలు కొలమానానిది. ఇప్పుడు చూసే కట్టడం 861 నాటిది, లెక్కలు క్రీ.శ. 622 నుంచి ఉన్నాయి. చక్కటి రాతి బావి, మధ్యలో గీతలున్న స్తంభం. నైలు ఎంత లేచిందో చూసి ఆ ఏడు పన్ను ఎంత వేయాలో తేల్చేవారు. నది పొంగితే ఎవరి ఇల్లు మునుగుతుందో తెలుసుకోవడానికి కాదు, పండితే ఎంత గుంజుకోవచ్చో తెలుసుకోవడానికి. ఆ అంకెల మీదే ఇరవయ్యో శతాబ్దంలో హెరాల్డ్ హర్స్ట్ అనే హైడ్రాలజిస్టు గొప్ప పని చేశాడు. కరువేళ్ళు వరసగా, వరదేళ్ళు వరసగా గుంపులు కట్టి వస్తాయని, నదికి 'జ్ఞాపకం' ఉంటుందని 1951లో చూపించాడు. ఆ జ్ఞాపకాన్ని కొలవడానికి నా కోడ్‌లో రోజూ వాడే హర్స్ట్ ఘాతాంకం అక్కడిది. పన్నుల పుస్తకంలోంచి అంత అందమైన శాస్త్రం పుట్టింది. వలస పాలకుల కాలపు గేజ్‌లు కూడా అంతే. పడవలు నడిచే చోట, కాలువలు తవ్విన చోట, వంతెన వేసిన చోట గేజ్ ఉంటుంది. శిస్తు రాని కొండవాగుకి ఉండదు. ఇప్పటికీ గేజ్‌ల పటం తెరిస్తే ఆ పాత అవసరాలే చుక్కలుగా కనిపిస్తాయి.

కొలిచినంత మాత్రాన సరిపోదని చెప్పడానికి కొలరాడో నది ఉంది. 1922లో ఏడు అమెరికన్ రాష్ట్రాలు నీళ్ళు పంచుకున్నాయి. పై పరీవాహకానికి 75 లక్షల ఎకరం-అడుగులు, కింది దానికి అంతే. మన భాషలో చెప్పాలంటే మొత్తం 650 టీఎంసీలకు పైనే, ఏటా. అప్పటికి చేతిలో ఉన్న కొద్ది ఏళ్ళ కొలతలు చూసి నదిలో అంతకంటే ఎక్కువే ఉందనుకున్నారు. ఆ కొద్ది ఏళ్ళు వానలు బాగా కురిసిన ఏళ్ళని, కొన్ని శతాబ్దాల్లోనే అరుదైన తడి కాలమని 1976లో చెట్ల కాండాల్లో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు చూసి తేల్చారు. లేని నీళ్ళని పంచుకున్నారన్నమాట. పాఠ్య పుస్తకాల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది, 'చిన్న రికార్డుని నమ్మకూడదు' అని. కానీ ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోలేదో పుస్తకం చెప్పదు. ఆ పరీవాహకంలో ఇవాళ గుర్తింపు ఉన్న ఆదివాసీ జాతులు 30. ఒప్పందంలో వాళ్ళ గురించి ఉన్నది ఒక్కటంటే ఒక్క వాక్యం: అమెరికాకి ఇండియన్ తెగల పట్ల ఉన్న బాధ్యతల మీద ఈ ఒప్పందం ప్రభావం ఉండదని. వందేళ్ళు దాటినా వాళ్ళలో కొందరి వాటా ఇంతని ఇప్పటికీ తేలలేదు. ప్రవాహం అంకెలో తప్పుని చెట్ల వలయాలు పట్టించాయి. రెండో తప్పుకి అలాంటి పరికరం ఏదీ లేదు.

-999 కంటే ప్రమాదమైన అంకె ఇంకొకటుంది. సున్నా. కొలత లేదని -999 కనీసం ఒప్పుకుంటుంది. సున్నా అలా కాదు, కొలిచాం, ఇక్కడ ఏమీ లేదు అంటుంది.

వరద రక్షణకి ఎంత ఖర్చు పెట్టొచ్చో తేల్చడానికి మామూలుగా చేసేది లాభనష్టాల లెక్క. కట్ట కడితే ఎంత ఆస్తి దక్కుతుంది? ఆస్తి విలువ మార్కెట్ ధర. ఖరీదైన ఇళ్ళున్న ఒడ్డున కట్ట వేస్తే లెక్క గిట్టుబాటవుతుంది. రేకుల ఇళ్ళున్న ఒడ్డున గిట్టదు. పట్టాలేని చోటయితే ఆస్తి గడిలో సున్నానే పడుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్ దాని పని అది చేసుకుపోతుంది. పైగా ఒక ఒడ్డున కట్ట ఎత్తు పెంచితే నీళ్ళు మాయమవవు, రెండో ఒడ్డున లేస్తాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. మొదటి సగం భౌతికశాస్త్రమే, కాదనను. ఆ పల్లం ఎక్కడుండాలన్నది మాత్రం చాలాసార్లు ఆఫీసుల్లోనే తేలుతుంది.

ఒక్కోసారి అది మరీ బాహాటంగా జరుగుతుంది. 1927లో అమెరికాలో మిసిసిపీ నదికి మహా వరద వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌ని కాపాడాలని ఏప్రిల్ 29న కేర్నార్వన్ దగ్గర కరకట్టని డైనమైట్ పెట్టి పేల్చారు. కింది రెండు పారిష్‌ల (అక్కడి జిల్లాలు) జనం ఇళ్ళూ వాకిళ్ళూ మునిగాయి. వేటాడుకుని, చేపలు పట్టుకుని బతికేవాళ్ళు వాళ్ళు. పరిహారం ఇస్తామన్నారు, చివరికి చేతికొచ్చింది అతి తక్కువ. తీరా చూస్తే ఎగువన కట్టలు వాటంతట అవే తెగి ఒత్తిడి తగ్గింది, ఈ పేల్చడమే అనవసరమైంది. 2022 సెప్టెంబరులో పాకిస్తాన్‌లో మంచర్ సరస్సు నిండిపోయినప్పుడు అధికారులు దానికి గండి కొట్టారు. పట్టణాలు మునగకుండా ఉండాలంటే పల్లెల మీదికి వదలక తప్పలేదన్నారు. సుమారు లక్ష మంది ఇళ్ళు వదిలారు. ఆ క్షణంలో ఆ ఇంజనీర్ల స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. ఎక్కడ గండి కొడితే ఎంతమంది మునుగుతారో ముందే లెక్కగట్టి, వాళ్ళతో ముందే మాట్లాడి, పరిహారం ముందే రాసి పెట్టి ఉంచడం మాత్రం హైడ్రాలజీకి చేతకాని పని కాదు. వరద మోడలింగ్‌లో అది తేలికైన పనుల్లో ఒకటి. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చేయరు.

ఆ ఏడాది పాకిస్తాన్ వరదల్లో 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు, 1,700 మందికి పైగా పోయారు. ఆస్తి నష్టం, ఆర్థిక నష్టం కలిపి 3,000 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచ ఉద్గారాల్లో ఆ దేశం వాటా ఒక శాతం కూడా లేదు. ఆ ఏడాది చివర్లోనే ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో నష్టపరిహార నిధికి ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. చిన్న దీవుల తరఫున పసిఫిక్‌లోని వనువాటు దేశం ఇలాంటి ఏర్పాటు అడిగింది 1991లో. ముప్పై ఏళ్ళు పైన పట్టింది. 2023లో దుబాయ్ సదస్సు ముగిసేసరికి ఆ నిధికి వచ్చిన హామీలన్నీ కలిపినా వంద కోట్ల డాలర్లు కాలేదు. దీని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ముందుకెళ్తాను.

వెళ్ళేముందు ఒక్క సంగతి. మళ్ళీ వనువాటు చొరవతోనే కదిలిన వ్యవహారంలో 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టపరమైన బాధ్యత అంది, తప్పితే పరిహారం కట్టాల్సి రావొచ్చంది. కానీ పరిహారానికి తప్పుకీ నష్టానికీ మధ్య కారణ సంబంధం తగినంత నేరుగా, తగినంత ఖాయంగా కనిపించాలి అని కూడా అంది. అది చదువుతుంటే నాకు కలేహే గుర్తొచ్చింది. వాన కొలతే లేని చోట ఆ సంబంధం ఎవరు చూపిస్తారు? ఇరవై ఏళ్ళ కిందట మూతపడ్డ ఒక గేజ్ రేపు ఏదో ఒక కేసులో సాక్షి కాలేకపోవచ్చు. ఇంతకాలం బడ్జెట్ కోతగా కనిపించింది ఇప్పుడు సాక్ష్యం చెరిపేయడంలా కనిపిస్తోంది, కనీసం నాకు.

ఉపగ్రహాలున్నాయి కదా అంటారు మా స్టూడెంట్లు. ఉన్నాయి. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు నాకు ఈ రంగంలోకెల్లా ఇష్టమైన విషయం. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, మధ్య దూరంలో వచ్చే అతి సూక్ష్మమైన తేడాని బట్టి కింద భూమిలో నీటి బరువు ఎంత మారిందో చెప్పాయి. నీళ్ళని తూకం వేసినట్టే! 2018 నుంచి వాటి వారసులు ఆ పని చేస్తున్నాయి. కానీ అవి ఒక్కసారికి చూసేది వందల కిలోమీటర్ల మేర. కాలిఫోర్నియా లోయలో భూగర్భ జలం పడిపోతోందని అవి చెప్పగలవు. 2014 కరువులో ఈస్ట్ పోర్టర్‌విల్‌లో పొలం కూలీల ఇళ్ళ బావులు ఎండిపోయి కుళాయిలోంచి గాలి మాత్రమే వస్తున్నప్పుడు, పక్కనే తోటల్లో లోతైన బోర్లు ఆడుతూనే ఉన్నాయన్న సంగతి అవి చెప్పలేవు. సగటు మట్టం ఒకటే. ముప్పై అడుగుల బావి ఉన్నవాళ్ళకి అది కరువు, వెయ్యి అడుగుల బోరున్నవాళ్ళకి కరెంటు బిల్లు. పైనుంచి చూసినకొద్దీ సగటు కనిపిస్తుంది, అన్యాయం ఎప్పుడూ సగటుకి అటూ ఇటూ ఉంటుంది.

ప్రస్తుతం నేను చేస్తున్న పనికి వస్తాను. గేజ్ లేని, లేదా -999లతో నిండిన వాగుల మీద పాత వరదల్ని మళ్ళీ కట్టే ప్రయత్నం అది. గుడి మెట్ల మీద గీత, బడి గోడ మీద మరక, 'నీళ్ళు ఈ చెట్టు కొమ్మ దాకా వచ్చాయి' అని చూపించే ముసలమ్మ చెయ్యి, అన్నీ లెవెల్ పెట్టి కొలుస్తాం. ఒక్కొక్కరిని విడివిడిగా అడుగుతాం, ఒకరి మాట విని ఇంకొకరు చెప్పకుండా. ఏ ఏడాదో సరిగ్గా గుర్తులేకపోతే పెళ్ళిళ్ళు, పురుళ్ళు, ఎన్నికలు పట్టుకుని జరుపుకుంటూ వస్తాం. ఇలా దొరికిన వరదని గేజ్ అంకెలతో కలిపి లెక్కలోకి తీసుకునే గణిత పద్ధతులు కొత్తవేమీ కావు, ఎప్పటినుంచో ఉన్నాయి. ఖచ్చితమైన మట్టం తెలియకపోయినా, 'ఈ గుర్తు దాటింది' అన్న ఒక్క సమాచారం కూడా వందేళ్ళ వరద అంచనాని గట్టిగా కదుపుతుంది.

పేపరు అచ్చుకి ముందు పరిశీలించే రివ్యూయర్ల దగ్గరే వస్తుంది చిక్కు. మనుషుల జ్ఞాపకం నమ్మదగిందేనా, అర మీటరు అటూ ఇటూ ఉండొచ్చు కదా అని రాస్తారు. ఉండొచ్చు, మేమే రాశాం ఆ సంగతి. కానీ గేజ్ కూడా ప్రవాహాన్ని కొలవదు, మట్టం చూస్తుంది అంతే. నది ప్రశాంతంగా ఉన్న రోజుల్లో పడవలోనో వంతెన మీంచో నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ దింపి, ఇంత మట్టానికి ఇంత ప్రవాహం అని కొన్ని చుక్కలు పెట్టుకుని వాటి మీదుగా ఒక గీత గీస్తారు, రేటింగ్ కర్వ్ అని. పెద్ద వరదలో ఎవరూ మీటర్ దింపలేరు కాబట్టి పైభాగంలో చుక్కలుండవు, గీతని ఊహతో పొడిగిస్తారు. ఆ పొడిగించిన ముక్కలో ముప్పై నలభై శాతం తేడా ఉన్నా మా రంగంలో ఎవరూ ఆశ్చర్యపోరు. దాన్ని 'అబ్జర్వ్‌డ్ డేటా' అనే పిలుస్తాం. పోయినసారి రివ్యూకి జవాబులో ఆ రెండు అనిశ్చితుల్నీ ఒకే గ్రాఫ్‌లో పక్కపక్కన పట్టీలుగా గీసి పంపాను. ముసలమ్మ చెయ్యి పట్టీ సన్నగా ఉంది, రేటింగ్ కర్వ్ పట్టీ దానికి రెండింతలుంది. ఎడిటర్ నుంచి ఇంకా కబురు రాలేదు.